కొళాయి కింద బిందె, మర్రి కింద నీడ

నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, ఎక్కడికి వెళ్దామంటే మనవాళ్ళ నోట ముందుగా వచ్చేవి ఊటీ, కొడైకెనాల్. కాస్త డబ్బున్నవాళ్ళయితే కులూ మనాలీ. మేం అనంతపురం వైపు వెళ్తున్నామని చెబితే మా వీధిలో ముగ్గురు నవ్వారు. "అక్కడేముందమ్మా చూడ్డానికి? ఎండా, రాళ్ళూనూ!" అన్నారు ఎదురింటి పిన్నిగారు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఎండ ఉంది, రాళ్ళూ ఉన్నాయి. అయితే ఆ ఎండలో ఒక చెట్టు నీడ, ఆ రాళ్ళమధ్య ఒక బిందెడు నీళ్ళు ఎలా ఉంటాయో ఊటీలో తెలియదు.

మా చెల్లెలి కూతుర్ని కదిరి దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. "పెద్దమ్మా, ఒక్కసారైనా మా ఇల్లు చూడవా?" అని మూడేళ్ళుగా అడుగుతోంది. సరే, మాఘమాసం చివర, ఎండలు ముదరకముందే వెళ్ళొద్దామని రాజమండ్రిలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు పొద్దున్న ధర్మవరంలో దిగాం.

మాది కోనసీమ. నీళ్ళ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోం. వరదొచ్చినప్పుడు మాట్లాడుకుంటాం గాని, మామూలు రోజుల్లో నీళ్ళు కూడా ఒక విషయమేనా? వీధి చివర కాలవ, పెరట్లో నుయ్యి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసినప్పటినుంచి మా తాతముత్తాతలకి ఆ చింత తప్పింది. వాన కూడా ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి పడుతుంది. అనంతపురం ప్రాంతంలో సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటి ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి, ఈశాన్యపు వాన కోస్తాలోనే చాలావరకు కురిసేసి వస్తుంది. రెండు పెళ్ళిళ్ళకీ పిలుపు ఉండీ రెండుచోట్లా భోజనం దొరకనివాడి సంగతిలా ఉంటుంది ఈ నేల సంగతి!

రైలు కిటికీలోంచి చూస్తే ఎర్రనేల, గుండ్రాళ్ళు పేర్చినట్టున్న గుట్టలు, వేరుశనగ పీకేసిన ఖాళీ చేలు. అక్కడక్కడ చింతచెట్లు మాత్రం నిండుగా, కాయలతో ఒంగి ఉన్నాయి. ఇంటికి వెళ్ళేసరికి అరుగుమీద నలుగురు ఆడవాళ్ళు చింతపండు కొడుతూ కూర్చున్నారు. ఒకామె పెంకు తీస్తుంటే ఒకామె గింజ తీస్తోంది, ఇంకొకామె ఈనెలు లాగుతోంది. హిందూపురం చింతపండు మార్కెట్ ఎంత పేరున్నదో మనకి తెలుసు గాని, అది అలా అరుగుల మీదనుంచి వెళుతుందని నాకు తెలియదు.

కాళ్ళు కడుక్కోవడానికి మా పిల్ల చెంబుతో నీళ్ళిచ్చింది. కడుక్కున్న చోటు చూశాను. కరివేపాకు మొక్క మొదలు. ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడ ఒలికినా ఏదో ఒక మొక్క మొదట్లోకే వెళతాయి. బియ్యం కడిగిన నీళ్ళు గేదె కుడితి తొట్టిలోకి, అంట్లు తోమిన నీళ్ళు అరటి పాదులోకి, బట్టలు జాడించిన చివరి నీళ్ళు మరుగుదొడ్డి బకెట్‌లోకి. ఇదంతా ఎవరూ చెప్పుకోరు, గొప్పగా చూపించరు. ఇల్లు ఊడ్చినట్టు, పొయ్యి అలికినట్టు అలా జరిగిపోతూ ఉంటుంది. నాకు ముచ్చటేసి మా పిల్లని అడిగితే, "మా అత్త నేర్పింది పెద్దమ్మా, మొదట్లో నాకు విసుగొచ్చేది" అంది నవ్వుతూ.

ఆ ఊళ్ళో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. మేం వెళ్ళిన మర్నాడు నీళ్ళ రోజు. తెల్లవారి ఆరున్నరకి వీధిలో ఎవరో "నీళ్ళు వచ్చినాయమ్మో" అని కేక వేశారు. ఇహ చూడండి! బిందెలు, స్టీలు క్యాన్లు, ప్లాస్టిక్ డ్రమ్ములు, ఆఖరికి మర చెంబులతో సహా బయటికొచ్చాయి. మా పిల్ల అత్తగారు (నాకు వదినగారు) మొదటి బిందె నిండగానే దానికి పసుపూ కుంకుమా పెట్టి లోపల దేవుడి గూటి కింద ఉంచారు. రోజూ చేసే పనే అది. బిందె ఎంత తళతళలాడుతోందంటే అందులో నా మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాను.

నీళ్ళు పట్టడం అయ్యాక అరుగుమీద కూర్చుని కాఫీ తాగుతూ ఆవిణ్ణి కదిపాను. ఆవిడ చెప్పినదంతా ఆవిడ మాటల్లోనే రాస్తే బాగుంటుంది.

"నేను కాపరానికొచ్చినప్పుడు ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒకటే వదినా. ఎండాకాలం అదీ ఎండిపోయేది. ఏట్లో ఇసుక తవ్వి చెలమ తీసి, ఊరే నీళ్ళు చిప్పతో తోడుకుంటా కూచునేవాళ్ళం. రెండు కడవలు నిండేదానికి గంట పట్టేది. ముందు పోయినోళ్ళకే నీళ్ళు. అందుకని మూడు గంటలకే లేసి పోతాంటిమి. చంకలో ఒక బిడ్డ, నెత్తిన రెండు కడవలు. ఈ ఊరికి పిల్లనిచ్చేదానికి గూడ ఆలోచిస్తాండ్రి జనం. తర్వాత బోరింగు ఏసినారు గానీ ఆ నీళ్ళు ఉప్పన. పప్పు ఉడికేది కాదు."

పప్పు ఉడకకపోవడం చిన్న సంగతే. ఈ జిల్లాలో చాలాచోట్ల భూమిలోపలి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ళతరబడి అవే తాగితే పళ్ళమీద గోధుమరంగు చారలు, తర్వాత కీళ్ళు బిగుసుకుపోవడం, ఎముకలు వంగిపోవడం. 1995, 96 సంవత్సరాల్లో పుట్టపర్తి సత్యసాయిబాబా ట్రస్టు పూనుకుని ఏడు వందలకు పైగా ఊళ్ళకు గొట్టాలు వేయించి మంచినీళ్ళు ఇచ్చింది. ఆ పథకం పేరుమీద 1999లో తపాలాబిళ్ళ కూడా వచ్చింది. బాబాగారి విషయంలో ఎవరి నమ్మకం వారిది. ఆ నీళ్ళ విషయంలో మాత్రం ఆ ఊళ్ళో రెండో మాట వినలేదు నేను. 2012 నుంచి హంద్రీ-నీవా కాలవ మీదుగా కృష్ణ నీళ్ళు కూడా జిల్లాలోకి రావడం మొదలైంది. ఇంకా అందరికీ అందలేదనుకోండి.

"అయితే వదినగారూ, కొళాయి వచ్చాక మీకు కలిగిన సుఖం ఏమిటి?" అని అడిగాను. వంటకి రుచి వచ్చిందనో, నడుంనొప్పి తగ్గిందనో చెబుతారనుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఒక్క మాట అన్నారు.

"నిద్దర."

తర్వాత, "తెల్లారి అయిదు దాకా పండుకుంటాండా వదినా. మొదట్లో నమ్మకం లేక మూడింటికే మెలకువొచ్చేది. లేసి కొళాయి చూసి మళ్ళా పండుకునేదాన్ని" అన్నారు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని నేను అలాగే ఉండిపోయాను. మన ఇళ్ళల్లో తెల్లవారుజామున దుప్పటి లాక్కుని మళ్ళీ పడుకుంటాం చూడండి, ఆ రెండు గంటల నిద్రకి ఈవిడ ఇరవై ఏళ్ళు ఎదురుచూశారు.

ఇక తిండి సంగతి చెప్పకపోతే వంటల పేజీలు చదివేవాళ్ళు నన్ను క్షమించరు. మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి. పండక్కి చేసినట్టు ఓళిగలు (మన బొబ్బట్లే). కాని నాకు నచ్చింది పొద్దున్న పెట్టిన ఉగ్గాని. బొరుగులతో, అంటే మన మరమరాలతో, చేస్తారు. అక్కడ ఏ చిన్న హోటల్లో అడిగినా ఇడ్లీకంటే ముందు ఇదే వస్తుంది. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఉగ్గాని తిన్నట్టు లెక్కలేదు.

చేసే పద్ధతి ఇది. నలుగురికి ఎనిమిది గ్లాసుల బొరుగులు చాలు. నీళ్ళలో వేసి ఒక్క నిమిషం ముంచి, గుప్పిళ్ళతో గట్టిగా పిండి పక్కన పెట్టుకోవాలి. ఎక్కువసేపు ఉంటే ముద్దయిపోతుంది. నాలుగు చెంచాల వేయించిన శనగపప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క కలిపి పొడి కొట్టుకోవాలి. బాణలిలో నూనె పోసి ఆవాలు, శనగపప్పు, కరివేపాకు వేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి ముద్ద, పసుపు, ఉప్పు వేసి వేగనివ్వాలి. అందులో బొరుగులు, ఆ పొడి వేసి రెండు నిమిషాలు కలిపి దించి నిమ్మకాయ పిండడమే. పదిహేను నిమిషాల పని. బియ్యం నానబెట్టక్కర్లేదు, పిండి రుబ్బక్కర్లేదు. నీళ్ళు తక్కువ ఖర్చయ్యే పలహారం ఇంతకంటే లేదని మా వదినగారి మాట. బొరుగులు నానిన నీళ్ళు మళ్ళీ గేదెకే!

మూడో రోజు తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి బయల్దేరాం. కదిరినుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, గూటిబైలు అనే ఊరు దగ్గర. దూరంనుంచి చూస్తే ఏదో చిన్న అడవి అనుకుంటారు. దగ్గరికి వెళితే అదంతా ఒక్క చెట్టే. సుమారు అయిదెకరాల మేర పరుచుకుంది. ఊడలు దిగి, నేలలో పాతుకుని, అవే మళ్ళీ బోదెలై, ఆ బోదెలకి మళ్ళీ ఊడలు. వెయ్యికి పైగా ఉన్నాయట. మా వారు లెక్కపెడతానని మొదలుపెట్టి అరవై దగ్గర తప్పిపోయి మళ్ళీ మొదటికొచ్చారు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది ఈ మాను.

బయట ఎండ అప్పటికే పెనంలా ఉంది. ఒక్క అడుగు లోపలికి పెడితే ఒళ్ళంతా చల్లబడింది. గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన కండువా పరుచుకుని పడుకున్నాడు. పైన పిట్టలు, ఎక్కడో కోతి కిచకిచలు. మేం తెచ్చుకున్న చిత్రాన్నం అక్కడే తిన్నాం. టికెట్లు కొనుక్కుని కొండలెక్కి చల్లదనం కోసం వెళ్ళే మనకి చెట్టుకింద ఉత్తినే దొరికే ఈ చల్లదనం ఎంత గొప్పదో ఆ గొర్రెలాయన గురక వింటే తెలిసింది.

చెట్టుకింద చిన్న గుడి ఉంది, తిమ్మమ్మ గుడి. కథ ఏమిటంటే, ఆమె భర్త బాలవీరయ్యకి కుష్ఠువ్యాధి. ఆమె దగ్గరుండి సేవ చేసింది. 1434లో ఆయన పోతే ఆమె ఆయన చితిలోనే సహగమనం చేసిందనీ, చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఇంత మానైందనీ చెబుతారు. పిల్లలు లేనివాళ్ళు వచ్చి మొక్కుకుంటారు. శివరాత్రికి జాతర.

నేనూ దణ్ణం పెట్టాను. కాని మనసులో ఒక మాట రాయాలి. చితి సంగతి వినేటప్పుడు నాకు భక్తి కలగలేదు, బాధ కలిగింది. ఎవరూ దగ్గరికి రాని రోగికి ఇన్నేళ్ళు అన్నం పెట్టి, పుళ్ళు కడిగిన చేతులవి. ఆ చేతులకే మొక్కాను నేను. ఆ సేవకి ఈ చెట్టు చాలు కదా, మంట ఎందుకు?

లేపాక్షి గురించి పుస్తకాల్లో చాలా ఉంది కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. హిందూపురానికి పదిహేను కిలోమీటర్లు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి. కింద గుడ్డ దూర్చి చూసే వేలాడే స్తంభం, ఏడు పడగల నాగలింగం, ఊరి మొదట్లో ఇరవై ఏడడుగుల పొడవున ఒకే రాతిలో చెక్కిన నంది అందరూ చూస్తారు. సినిమావాళ్ళకిచ్చిన నంది బహుమతుల్లో నంది ఇదే. చీరలమీద వేసే లేపాక్షి అంచులు కూడా ఇక్కడి కప్పుమీది బొమ్మల్లోవే. మా పిల్ల తన ధర్మవరం చీర అంచు పట్టుకుని మెడ పైకెత్తి పోల్చి చూసుకుంది.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోనిది. గుడి వెనక ఆవరణలో నేల రాతిమీదే గుండ్రంగా చెక్కిన పళ్ళేలున్నాయి. మధ్యలో అన్నానికి చోటు, చుట్టూ కూరకీ పచ్చడికీ చిన్న చిన్న గుంటలు. పనిచేసిన శిల్పుల భోజనాలకని కొందరంటారు, రంగులు కలుపుకోవడానికని కొందరు. నా ఓటు భోజనాలకే. ఇన్ని గుంటలు రంగులకి అక్కర్లేదని వంటింట్లో ముప్పై ఏళ్ళు గడిపినదాన్ని నేను చెప్పగలను! రోజంతా ఎండలో సుత్తి దెబ్బలు కొట్టినవాడు మధ్యాహ్నం ఆ రాతి కంచం ముందు కూర్చుని వేడి ముద్ద ఊదుకుంటూ తిని ఉంటాడు. వండినదెవరో, ఆ వంటకి నీళ్ళు మోసినదెవరో ఏ శాసనంలోనూ ఉండదు.

తిరుగు ప్రయాణం అనంతపురంనుంచి పెట్టుకున్నాం. ఊరి పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. విజయనగరపు బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో కట్టించినది. ఒక కొసన బుక్కరాయలి పేర ఊరు, ఇంకో కొసన రాణి అనంతమ్మ పేర ఊరు, అదే నేటి అనంతపురం అని చెబుతారు. ఈ చెరువు కట్టమీద ముసలమ్మ గుడి ఉంది. పేరు ముసలమ్మ గాని పడుచుపిల్ల. బసిరెడ్డి అనే పెద్దరైతు చిన్న కోడలు. ఒక ఏడు వానలు ముంచెత్తి కట్ట తెగబోతుంటే, ఆ కోడల్ని బలిస్తేనే చెరువు నిలుస్తుందని దైవవాణి వినిపించిందట. ఆ పిల్ల ముస్తాబై, అందరి దగ్గరా సెలవు తీసుకుని, గండిలోకి నడిచి వెళ్ళిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' ఈ కథే.

సాయంత్రం కట్టమీద చల్లటి గాలి. చెరువులో ఒక మూల నీళ్ళున్నాయి, కొంగలు తిరుగుతున్నాయి. నాకు రెండు రోజుల కిందటి మర్రిమాను గుర్తొచ్చింది. నీడకి ఒక కోడలి కథ, నీళ్ళకి ఒక కోడలి కథ. ఇన్ని రాజ్యాలేలిన చోట చెరువు నిలవాలంటే ఆడపిల్లే దొరికిందా అని మా వారితో అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మా వదినగారు చీర కొంగు భుజంచుట్టూ కప్పుకుని గుడి ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆవిడకి ఇలాంటి తర్కాలు పట్టవు. "తల్లీ, నీళ్ళు సల్లగా ఉండనీ" అన్నారు, అంతే. ఆ కొబ్బరి నీళ్ళు కూడా కింద పొయ్యలేదు, చిన్న గ్లాసులో పట్టి నాకిచ్చారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. 2022లో జిల్లాలు విడదీశాక లేపాక్షి, కదిరి, హిందూపురం, ధర్మవరం అన్నీ పుట్టపర్తి కేంద్రంగా ఉన్న శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. బుక్కరాయసముద్రం మాత్రం అనంతపురం జిల్లాలోనే ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళడం మంచిది. మర్రిమాను దగ్గర తిండికి పెద్దగా ఏమీ దొరకదు, ఇంట్లోనే కట్టుకు వెళ్ళండి, ఆకులూ కవర్లూ తిరిగి తెచ్చుకోండి. లేపాక్షికి కదిరినుంచీ, బెంగుళూరునుంచీ కూడా హిందూపురం మీదుగా వెళ్ళొచ్చు. పొద్దున్న బస్టాండు దగ్గరి హోటళ్ళలో ఉగ్గాని తినాలనుంటే తొమ్మిది దాటనివ్వకండి, బజ్జీలు ముందే అయిపోతాయి.